ట్యాబులు వచ్చాక మా సైన్సు పీరియడ్

పల్నాడు జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతాను. మా ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులు వచ్చింది 2022 డిసెంబరు చివర్లో. ఆ నెల 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి పంపిణీ మొదలుపెట్టారు. రాష్ట్రమంతా కలిపి సుమారు 4.6 లక్షల మంది పిల్లలకు, 59 వేల మంది టీచర్లకు ఇచ్చారు. వీడియో పాఠాలన్నీ ముందే నింపి ఇచ్చారు కాబట్టి నెట్ లేకపోయినా నడిచేవి. చదువుకు సంబంధం లేని సైట్లు, యాప్‌లు తెరుచుకోకుండా లాక్ పెట్టారు. ఆ బ్యాచ్ ఆ ట్యాబులతోనే తొమ్మిది, పది చదివి 2025 మార్చిలో పబ్లిక్ పరీక్షలు రాసి వెళ్లిపోయింది. ఈలోపు నా పీరియడ్ ఎలా మారిందో, పిల్లలకు ఏది పనికొచ్చిందో, ఏది చివరిదాకా కుదరలేదో రాయమని కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల కూటమి) మీటింగుల్లో తోటి టీచర్లు అడుగుతూ వచ్చారు. అందుకే ఇది.

అంతకుముందు తెర మీద పాఠం అంటే మాకు కరోనా రోజులే. 2020లో బడులు మూతపడ్డాక పిల్లల్ని హైటెక్, లోటెక్, నోటెక్ అని మూడు జాబితాలు చేయమన్నారు. ఇంట్లో నెట్ ఉన్న ఫోనో కంప్యూటరో ఉంటే హైటెక్, టీవీ, రేడియోలే ఉంటే లోటెక్, ఏమీ లేకపోతే నోటెక్. మా ఊళ్లో మొదటి జాబితా చాలా చిన్నది. అందులో ఉన్న పిల్లలకు కూడా ఫోన్ చేతికి దొరికేది సాయంత్రమే, ఎందుకంటే అది నాన్న జేబులో పొద్దున్నే పనికి పోయేది. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి, చెప్పేవాళ్లు శ్రద్ధగా చెప్పేవారు. అయితే టీవీలో పాఠం ఎవరి కోసమూ ఆగదు. మధ్యలో తమ్ముడు ఏడిస్తేనో, కరెంటు పోతేనో ఆ ముక్క పోయినట్టే. ఇంటింటికీ తిరిగి అడిగితే పిల్లలు చెప్పిన మాట ఒక్కటే: "అర్థం కాలేదని ఎవరికి చెప్పాలి మేడం?"

ఆ ప్రశ్న నాలో అలాగే ఉండిపోయింది. ట్యాబ్ వచ్చాక ఆగడం, వెనక్కి తిప్పడం సాధ్యమైంది. అడగడానికి మనిషి మాత్రం ట్యాబులో లేడు. ఆ మనిషి బడిలో ఉన్నాడు. ఈ రెండింటినీ ఎలా కలపాలన్నదే నాకు పట్టుకున్న పని.

మొదటి వారాల్లో పిల్లల ఉత్సాహం చూడాల్సిందే. రాత్రికి రాత్రి ముందు పాఠాలు కూడా చూసేసేవాళ్లు. "చూశారా?" అంటే తరగతి మొత్తం "చూశాం మేడం" అనేది. "ఏం చూశారు?" అంటే బొమ్మలు చెప్పేవాళ్లు. బండి చక్రం తిరిగింది, మంచు మీద ఒకతను జారాడు, లైటు వెలిగింది. ఎందుకు జారాడు, ఎందుకు వెలిగింది అన్నదగ్గర నిశ్శబ్దం. ఇది పిల్లల లోపం అనుకోను. బాగా తీసిన వీడియో ఎక్కడా తట్టుకోకుండా సాగిపోతుంది. ప్రశ్న వేసిందీ అదే, జవాబు చెప్పేసిందీ అదే. మధ్యలో పిల్లకు ఆలోచించే సందు ఎక్కడుంది? నాకు కావలసింది ఆ సందు.

ఆ సమయంలోనే అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, వుడ్‌ల్యాండ్ పార్క్ హైస్కూల్లో పనిచేసిన ఇద్దరు కెమిస్ట్రీ టీచర్ల గురించి చదివాను. జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్. 2007లో, ఆటల పోటీలకని బడి మానేస్తున్న పిల్లల కోసం వాళ్లు పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. తర్వాత పాఠం వినడం ఇంటికి, లెక్కలు చేయడం, ప్రయోగాలు, సందేహాలు బడికి మార్చేశారు. వాళ్ల పిల్లలు ఆటలకు పోతే మా పిల్లలు మిరప కోతలకు పోతారు. అందుకే నాకు ఆ కథ దగ్గరగా అనిపించింది. కానీ మా పిల్లలకు సాయంత్రం ఖాళీ ఉండదు. నీళ్లు పట్టాలి, గేదెల్ని చూడాలి, చిన్నవాళ్లకు అన్నం పెట్టాలి. పాఠం మొత్తం ఇంట్లో చూసి రమ్మంటే జరిగే పని కాదు. చిన్న ముక్క చాలు అనుకున్నాను.

చేసిన పద్ధతి ఇది. ముందు రోజు నా ట్యాబులో ఆ వీడియో నేను పూర్తిగా చూస్తాను. ఏ నిమిషం దగ్గర జవాబు బయటపెడుతున్నారో రాసుకుంటాను. ఆ జవాబు ఏ ప్రశ్నకో, ఆ ప్రశ్నను నా మాటల్లో, మా ఊరి సంగతులతో బోర్డు మీద రాస్తాను. సాయంత్రం బెల్లు కొట్టే ముందు పిల్లలు దాన్ని నోట్సులో ఎక్కించుకుని, కింద "నా అంచనా" అని ఒక వాక్యం రాయాలి. తప్పో ఒప్పో పర్వాలేదు, రాయడం మాత్రం తప్పనిసరి. ఇంటికి వెళ్లి ఐదు, పది నిమిషాల ముక్క చూసి "చూశాక" అని ఇంకో వాక్యం రాయాలి. పొద్దున ప్రేయర్ అయ్యేలోపు ఆ నోట్సులన్నీ నా బల్ల మీద ఉంటాయి. మార్కులు వేయను. గబగబా చూసి పక్కపక్కన పెడతానంతే. అంచనా మారనివాళ్లు ఒక కట్ట, మారినవాళ్లు ఒక కట్ట, ఏమీ రాయనివాళ్లు ఒక కట్ట. పీరియడ్ ఎక్కడ మొదలుపెట్టాలో ఆ కట్టలే చెబుతాయి.

ఏమీ రాయనివాళ్లను నిలబెట్టడం గానీ, బయటికి పంపడం గానీ చేయలేదు. వాళ్లు ముందు పది నిమిషాలు పక్కవాళ్ల ట్యాబులో ఆ ముక్క చూసేవాళ్లు. మిగతావాళ్లు ఆలోపు ప్రయోగానికి సామాను సర్దేవాళ్లు.

ఇది బాగా పండిన పాఠం ద్రవాల్లో విద్యుత్తు. సంక్రాంతి సెలవుల తర్వాత మొదలైంది. వీడియోలో చక్కగా చూపిస్తారు: స్వేదనజలంలో ఎల్ఈడీ వెలగదు, ఉప్పు వేయగానే వెలుగుతుంది, నిమ్మరసంలో వెలుగుతుంది. నేను బోర్డు మీద రాసిన ప్రశ్న వేరు: "మన బడి బోరు నీళ్లు, ప్లాంటు నుంచి తెచ్చుకునే క్యాన్ నీళ్లు. దేంట్లో ఎల్ఈడీ ఎక్కువ వెలుగుతుంది?" అంచనాలు చూస్తే దాదాపు అందరూ ప్లాంటు నీళ్లే అని రాశారు. మంచి నీళ్లు కాబట్టి బాగా వెలగాలి అన్నది వాళ్ల లెక్క. వీడియో చూశాక కొందరు మార్చుకున్నారు, చాలామంది మార్చుకోలేదు. ఉప్పు గురించి విన్నారు, కానీ బోరు నీళ్లలో ఉప్పు ఉంటుందని దానికి ముడిపెట్టుకోలేదు.

మర్నాడు పిల్లలు ఇంటి నుంచి ఎవరికి దొరికింది వాళ్లు తెచ్చారు. చింతపండు రసం, మజ్జిగ, పంచదార నీళ్లు, కొబ్బరినూనె, సబ్బు నీళ్లు. స్వేదనజలం బ్యాటరీల షాపులో దొరికింది. పనిముట్టు చాలా చిన్నది: ఇంజెక్షన్ సీసా రబ్బరు మూతకు రెండు పిన్నులు గుచ్చి, వాటికి వైర్లతో ఒక ఎల్ఈడీ, 9 వోల్టుల బ్యాటరీ కలపడం. ఇంట్లో గోడ ప్లగ్గు జోలికి ఎవరూ పోకూడదని ప్రతి ఒక్కరిచేతా నోట్సులో రాయించాను. ఇలాంటి ప్రయోగాలు చెప్పేటప్పుడు ఆ మాట మరవకూడదు.

బోరు నీళ్లలో ఎల్ఈడీ స్పష్టంగా వెలిగింది. క్యాన్ నీళ్లలో అరచేతులు అడ్డం పెట్టి చూస్తేగానీ కనపడలేదు. అప్పుడు మొదలయ్యాయి ప్రశ్నలు. బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేది అదేనా? ప్లాంటులో ఆ లవణాలన్నీ తీసేస్తే ఒంటికి మంచిదేనా? మా పొలం బోరు ఉప్పగా ఉంటుంది, దాంట్లో ఇంకా ఎక్కువ వెలుగుతుందా? ఒక అబ్బాయి మర్నాడు వాళ్ల పొలం బోరు నీళ్లు సీసాలో పట్టుకొచ్చాడు. వీడియోలో మూడు ద్రవాలున్నాయి, మా బల్ల మీద అంతకు ఎన్నో రెట్లున్నాయి. పాతకాలంలోలాగా నేనే చెప్పి, బోర్డు మీద రాయించి, తర్వాత ప్రయోగం చేయించాలంటే ఒక పీరియడ్ చాలేది కాదు. చెప్పాల్సిన భాగం వాళ్లు ఇంట్లో విని రావడం వల్లే చేతులు పెట్టే టైం దొరికింది. ట్యాబ్ నాకిచ్చిన అసలు లాభం ఆ టైమే.

జనవరి నుంచి మార్చి దాకా మా వైపు మిరప కోతలు. తెల్లవారకముందే ఆటోలు వస్తాయి. అమ్మానాన్నలు కోతకు పోతే ఇంట్లో చిన్నపిల్లల్ని చూసుకునేది పెద్దపిల్ల, అంటే ఎనిమిదో తరగతి ఆడపిల్ల. హాజరుపట్టీలో ఎర్రగీతలు ఎక్కువయ్యేది అప్పుడే. ఆ పిల్లలకు ట్యాబ్ ఎంత ఆధారమో నేను కళ్లారా చూశాను. చేలో చెట్టు కింద తమ్ముణ్ణి పడుకోబెట్టి పాఠం చూసి, ప్రశ్నకు జవాబు రాసి, ఆ నోట్సు ఫ్రెండుతో బడికి పంపిన అమ్మాయి ఉంది. నేను దాని మీద రెండు మాటలు రాసి అదే ఫ్రెండుతో తిరిగి పంపేదాన్ని. రోజూ జరగలేదు. జరిగినన్ని రోజులూ ఆ పిల్లకు బడి తెగిపోలేదు.

అలాగే కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కుటుంబాలు మిరప కోతలకు మా ప్రాంతానికి వలస వస్తాయి, పిల్లల్ని వెంటబెట్టుకుని. ఏటా వాళ్లలో కొందరు మా తరగతిలో వచ్చి కూర్చుంటారు. పాఠం ఎక్కడిదాకా అయిందో వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ ఏడు వచ్చిన ఒక అబ్బాయి సంచిలోంచి ట్యాబ్ తీశాడు. వాళ్ల ఊరి బడిలో ఇచ్చినదే, మా పిల్లల దానిలో ఉన్న పాఠాలే. వాళ్ల సార్ ఎక్కడ ఆపారో వేలుపెట్టి చూపించాడు. నాకు అక్కడ నుంచి అందుకోవడం తేలికైంది. రాష్ట్రం ఒక చివర నుంచి ఇంకో చివరకు పిల్లతోపాటు పాఠం కూడా నడిచిరావడం నా సర్వీసులో అదే మొదటిసారి చూడటం. ట్యాబుల ఖర్చు దండగ అనేవాళ్లతో నేను ముందు ఈ అబ్బాయి సంగతే చెబుతాను.

ఇబ్బందులు కూడా చిన్నవి కావు. బజారులో ఒక సెల్ షాపులో లాక్ తీసి ఇస్తున్నారని కబురు పాకింది. కొందరు పిల్లలు తీయించుకున్నారు కూడా. ఆ తర్వాత గేములు, వీడియోలు. ఒక తండ్రి ట్యాబ్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "మాకొద్దు మేడంగారూ, రాత్రిళ్లు కూడా దాంతోనే ఉంటన్నాడు. కళ్లు పోతాయి." ఆయన బాధ నిజమైనది. ట్యాబ్ వెనక్కి తీసుకుంటే పిల్లవాడికి చదువు ముక్క కూడా పోతుంది. పేరెంట్స్ కమిటీ మీటింగులో హెచ్ఎం గారూ మేమూ కూర్చుని తల్లులతో మాట్లాడాం. ఏం చూడమన్నామో ఆ ప్రశ్న నోట్సులో ఉంటుంది, చదవడం రాకపోయినా "ఇవాళ ప్రశ్నేంటి, నాకు చెప్పు" అని అడగండి, చెప్పాక ట్యాబ్ టీవీ పక్కన పెట్టించండి అన్నాం. తల్లులు దీన్ని బాగా పట్టుకున్నారు. కొడుకు చెప్పింది విని "అట్నా?" అంటే చాలు, వాడు ఇంకోసారి వివరంగా చెబుతాడు. చాలా ఇళ్లలో అది జరిగింది. జరగని ఇళ్లూ ఉన్నాయి, వాటికి నా దగ్గర మందు లేదు.

ఇంకో సంగతి నన్ను బాగా కలచివేసింది. అమ్మాయి పేరున వచ్చిన ట్యాబ్ ఇంట్లో అన్న చేతిలో ఉండేది. అడిగితే "అన్న ఇవ్వలేదు మేడం" అని నెమ్మదిగా చెప్పేవాళ్లు. దాంతో బడి మొదలయ్యే ముందు అరగంట వరండాలో కూర్చుని చూసుకునే ఏర్పాటు చేశాం. ట్యాబ్ పొద్దున్నే బడికి రావాల్సిందే, ఇక్కడే చూస్తారు అని ఇంటికి కబురు పంపాం. చార్జింగ్ కూడా స్టాఫ్ రూములోనే. ఆడపిల్లల "చూశాక" వాక్యాలు అప్పటినుంచే నిండాయి. ఏ డిజిటల్ పథకమైనా పెట్టేటప్పుడు, వస్తువు ఎవరి పేరున ఇచ్చామన్నదానితో ఆగకుండా, అది ఇంట్లో ఎవరి చేతిలో ఉంటుందో తప్పకుండా చూడాలి.

భాష గురించి ఒక మాట. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిషు, పక్క పేజీ తెలుగు. వీడియో కూడా ముందు తెలుగులో చూసి, పదాల కోసం ఇంగ్లిషులో రెండోసారి చూడమన్నాను. పరీక్ష ఇంగ్లిషులో రాసేవాళ్లకు కూడా ఆలోచన తెలుగులోనే మొదలవుతుంది.

వాళ్లు తొమ్మిదిలోకి వచ్చిన ఏడు, 2024 ఫిబ్రవరిలో ధ్వని పాఠం వచ్చింది. ట్యాబులో కంపనాలు, తరంగాలు చూసి వచ్చారు. ధ్వని వేగం గాలిలో 22 డిగ్రీల దగ్గర సెకనుకు 344 మీటర్లని పుస్తకంలో ఉంది. "ఇది ఎవరు కొలిచారు, ఎట్లా కొలిచారు మేడం?" అని అడిగింది ఒక అమ్మాయి. కొలుద్దాం అన్నాను. ఫైఫాక్స్ అని ఒక ఉచిత యాప్ ఉంది, జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆహెన్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేశారు. మామూలు ఫోన్లో ఉండే మైకు, సెన్సర్లతోనే కొలతలు తీస్తుంది. అందులో శబ్దం వినపడగానే మొదలై, మళ్లీ శబ్దం వినపడగానే ఆగే స్టాప్‌వాచ్ ఉంది. దానికి రెండు ఫోన్లు కావాలి. ఒకటి నాది, ఇంకోటి మా లెక్కల మాస్టారుగారిది.

గ్రౌండులో పది మీటర్ల దూరంలో రెండు స్టూళ్ల మీద ఫోన్లు పెట్టాం. మొదటి ఫోన్ దగ్గర ఒక పిల్ల రెండు చెక్కముక్కలు గట్టిగా కొట్టింది. ఆ చప్పుడుకు మొదటి ఫోన్ వెంటనే మొదలవుతుంది, రెండోది చప్పుడు పది మీటర్లు ప్రయాణం చేసి వచ్చాక మొదలవుతుంది. తర్వాత రెండో ఫోన్ దగ్గర ఇంకో పిల్ల కొట్టింది. ఈసారి రెండోది వెంటనే ఆగుతుంది, మొదటిది కాస్త ఆలస్యంగా. రెండు ఫోన్లలో వచ్చిన కాలాల తేడా, ధ్వని ఇరవై మీటర్లు పోవడానికి పట్టిన కాలం. ఇది బొమ్మ గీసి చెబితే సగంమందికే అర్థమైంది. గ్రౌండులో ఇద్దరు పిల్లలు ధ్వనిలాగా ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పరిగెత్తి చూపించాక మిగతా సగానికీ అర్థమైంది.

గాలి చప్పుడుకే స్టాప్‌వాచ్ మొదలయ్యేది. యాప్‌లో ఎంత చప్పుడుకు మొదలవ్వాలో పెంచి పెట్టుకునే వీలుంది, అది సరిచేశాక కుదిరింది. తరగతి మొత్తం ఊపిరి బిగబట్టి నిలబడింది. కొలతలు ఒకదానికొకటి కాస్త అటూ ఇటూ వచ్చాయి. సగటు తీస్తే 0.057 సెకను. ఇరవైని దాంతో భాగిస్తే దాదాపు 351. పుస్తకంలో 344. "మనది తప్పు" అన్నారు పిల్లలు వెంటనే, నీరసంగా. ల్యాబ్ థర్మామీటర్ తెచ్చి చెట్టు నీడలో పెట్టించాను. 33 డిగ్రీలు చూపించింది. ఒక్కో డిగ్రీకి వేగం సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. 22 నుంచి 33కి పదకొండు డిగ్రీలు, అంటే ఆరున్నర మీటర్లు. 344కు కలిపితే 350 దాటుతుంది.

నిజం చెప్పాలంటే అంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం ఉంది. ఒక్కో కొలతలో పొరపాటు ఆ ఆరున్నర మీటర్ల కంటే ఎక్కువే ఉంటుంది, ఆ సంగతి కూడా పిల్లలకు చెప్పాను. అందుకే ఎక్కువసార్లు కొలిచి సగటు తీస్తామని అప్పుడు వాళ్లకు పట్టుబడింది. పుస్తకంలో అంకెకూ మన కొలతకూ తేడా వస్తే కారణం వెతకాలని ఆ తరగతి నేర్చుకుంది. ఫోన్ అంటే చూసే వస్తువనే అనుకున్న పిల్లలు దాంతో కొలవొచ్చని తెలుసుకున్నారు. తర్వాత వారమంతా స్టాఫ్ రూముకొచ్చి, "మేడం, ఫోన్‌తో ఇంకేం కొలవచ్చు?" అని అడుగుతూనే ఉన్నారు.

చివరిదాకా కుదరనివి కూడా చెప్పాలి. లెక్కలున్న పాఠాలకు ఈ పద్ధతి అంతగా సాగలేదు. చలన సమీకరణాలు వీడియోలో ఎంత బాగా చెప్పినా, పెన్ను పట్టించి పక్కన కూర్చుంటేనే వచ్చాయి. చదవడమే సరిగా రాని పిల్లలకు "చూశాక" వాక్యం రాయడం పెద్ద భారమైంది, వాళ్లచేత నోటితో చెప్పించుకున్నాను. తెర పగిలిన ట్యాబులు, చార్జింగ్ ఎక్కని ట్యాబులు ఏడాది గడిచేకొద్దీ పెరిగాయి. పదో తరగతికి వచ్చేసరికి ఇద్దరికి ఒకటి చొప్పున చూసే పరిస్థితి. అది నష్టం ఒక్కటే కాలేదు, ఇద్దరు కలిసి చూస్తే మధ్యలో ఆపి వాదించుకునేవాళ్లు.

ఇప్పుడు నా ఎనిమిదో తరగతి దగ్గర ట్యాబులు లేవు. తరగతి గదిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకు పెట్టే పెద్ద టచ్ తెర) ఉంది, పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంది, దాన్ని స్కాన్ చేస్తే ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షలో పాఠం వస్తుంది, నా ఫోన్ ఉంది. ప్యానెల్ మీద ముక్క వేస్తాను, జవాబు వచ్చే నిమిషానికి ముందు ఆపుతాను, అంచనా రాయిస్తాను, తర్వాత మిగతాది వేస్తాను. ఇంట్లో ఫోన్ దొరికే పిల్లలకు దీక్ష లింకు పంపుతాను. దొరకనివాళ్లు పొద్దున వరండా అరగంటలో ప్యానెల్ ముందు కూర్చుంటారు. ఏ పాఠానికి ఏ నిమిషం దగ్గర ఆపాలి, ఏ ప్రశ్న వేయాలి అన్నది ఎనిమిది, తొమ్మిది తరగతుల ఫిజికల్ సైన్సుకు ఒక నోట్సుగా రాసిపెట్టాను. మా కాంప్లెక్సులో అడిగినవాళ్లకు జిరాక్స్ తీసి ఇస్తున్నాను. బయాలజీ మేడం ఆమె పాఠాలకు రాయడం మొదలుపెట్టారు. లెక్కల మాస్టారుగారు మాత్రం తన పాఠాలకు వేరే పద్ధతి కావాలంటున్నారు, దాని మీద ఇద్దరం కూర్చుంటున్నాం.